నోటీసు ఇస్తే ఊరొదిలి పోకండి

వాట్సాప్, ఫేస్‌బుక్ పోస్టుల కేసులు ఈమధ్య లాయరుగా నా దగ్గరికి వరసగా వస్తున్నాయి. రోడ్డు బాగాలేదన్నవాళ్లు, ఎమ్మెల్యేని వెటకారమాడినవాళ్లు, ఎవరో పంపిన వీడియోను పూర్తిగా చూడకుండానే గ్రూపుల్లోకి తోసినవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మాట్లాడే హక్కు లేదా?"

ఉంది. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన హక్కది. ఇలాంటి పోస్టుల మీద వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. అయినా దాని కిందే కేసులు కడుతుంటే 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. లేని సెక్షన్ రాసేవాళ్లకు ఏం చెప్తాం! ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 196, 353 సెక్షన్లు రాస్తున్నారు. మాటకు సంబంధించిన ఇలాంటి నేరాల్లో, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపయితే, ఎఫ్‌ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ చేయడమే మంచిదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లలో అది చదివినవాళ్లు తక్కువ.

హక్కుంది కదా అని నోటీసును పక్కన పడేస్తేనే కొంప మునుగుతుంది. మొన్న వచ్చిన జిరాక్స్ షాపు కుర్రాడి కేసే చూడండి. పొంగుతున్న డ్రైనేజీ ఫొటో పెట్టి మున్సిపల్ అధికారిని ఘాటుగా అన్నాడు. బూతు లేదు, కులం మతం ఊసు లేదు. హైకోర్టులో కొట్టేయించదగ్గ కేసు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి విచారణకు రమ్మని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 35(3) నోటీసిస్తే, సంతకం చేసి తీసుకుని క్యాలెండర్ వెనక దోపాడు. బావమరిది సలహా మీద ఫోన్ ఆపేసి అత్తగారి ఊరు చెక్కేశాడు. నోటీసులో చెప్పిన రోజు దాటాక నా దగ్గరికొచ్చాడు.

నోటీసుకు హాజరై సహకరించేవాణ్ని, కారణం రాసుకోకుండా అరెస్టు చేయడానికి లేదని 35(5) చెబుతోంది. ఎగ్గొడితే 35(6) కింద అరెస్టుకు దారి ఇచ్చినట్టే. ముందస్తు బెయిలుకు వెళ్తే పోస్టులో ఏముందన్నది తర్వాత సంగతి, "పరారీలో ఉన్నాడు" అన్న పోలీసు మాటకే ముందు జవాబు చెప్పుకోవాలి. డ్రైనేజీ గురించి ఒక్క ముక్క మాట్లాడే అవకాశం నాకింకా రాలేదు.

వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పిన మాట నిజమే. ఆ మాట పట్టుకుని ఇంట్లో కూర్చోకండి, లాయరు చేత లిఖితపూర్వకంగా జవాబివ్వండి. ఆ రోజు కుదరకపోతే మరో తేదీ కోరుతూ అర్జీ పెట్టి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. నోటీసు వచ్చాక ఫోన్‌లో ఏదీ చెరపకండి, సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో సెక్షన్ నెత్తినపడుతుంది. తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.