శాంతాకు నువ్వైతే డబ్బిస్తావా?



వెంచర్ క్యాపిటల్ ఫండ్‌లో అనలిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టర్మ్ షీటు, లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటూ అర్ధరాత్రి దాకా బట్టీ పడుతున్నావట. అవీ రావాలి, కాదనను. కానీ వాళ్లు చూసేది వేరే ఉంటుంది బిడ్డా. ఒక కంపెనీని చూసి డబ్బు ఇవ్వాలో వద్దో నీ అంతట నువ్వు తేల్చుకోగలవా, ఎదురు ప్రశ్న పడ్డాక కూడా ఆ మాట మీద నిలబడగలవా అన్నది.

నేను బ్యాంకులో అప్పులు మంజూరు చేసినవాణ్ని. తాకట్టు ఏముంది, వాయిదా ఎక్కణ్నుంచి కడతాడు, ఇంతే మా చూపు. నాలుగు ఖాతాలు మొండి బకాయిలైతే మాకు నిద్ర పట్టేది కాదు. వెంచర్ వాళ్లు పెట్టిన వాటిలో చాలా మునుగుతాయని ముందే అనుకుని కూర్చుంటారు. ఒకటో రెండో మొత్తం ఫండ్‌ను తిరిగి తేవాలి. అందుకే ఈ లెక్క వేళ్ల మీద ఉంచుకో: ఫండ్ 100 కోట్లు. ఒక కంపెనీలో 4 కోట్లు పెట్టి 20 శాతం వాటా తీసుకున్నారు. తర్వాతి రౌండ్లలో కొత్తవాళ్లు వచ్చేసరికి అది 12 శాతానికి తగ్గింది. ఆ ఒక్కటే 100 కోట్లు తేవాలంటే ఎంతకు అమ్ముడుపోవాలి? దాదాపు 833 కోట్లకు. ఏటా రెండు కోట్లు నికరంగా మిగిల్చే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఫ్యాక్టరీ యజమాని నాకైతే బంగారం లాంటి ఖాతాదారు. వెంచర్ వాళ్లకు అక్కర్లేదు.

ఇక ఈ లెక్కతో మన హైదరాబాద్ ఉప్పల్ రోడ్డు కథ చూడు. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు; చేస్తానన్నది హెపటైటిస్-బి టీకా. అలాంటి రీకాంబినెంట్ టీకా మన దేశంలో అంతవరకు ఎవరూ తయారుచేయలేదు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో సాగింది. మా బ్యాంకుల వాళ్లం ముందుకు రాలేదు. డబ్బు పెట్టింది అప్పటి ఒమన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవి. 1997లో శాన్‌వ్యాక్-బి పేరుతో ఆ టీకా బయటికొచ్చింది, విదేశీ టీకా కంటే ఎన్నో రెట్లు చౌకగా.

1993 నాటి కాగితాలే నీ ముందున్నాయనుకో. విదేశీ టీకా ధర మన సామాన్యుడికి అందదు, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ టీకా కావాలి. ఇది ఇవ్వడానికి కారణం. వద్దనడానికి అందరూ చెప్పేది ఆయన జీవశాస్త్రం చదవలేదని. నాకది పెద్ద అడ్డుగా కనిపించదు, శాస్త్రం తెలిసినవాళ్లను ఆయన కూడగట్టుకున్నారు. అసలు అడ్డు కాలం. ఫండ్ ఆయుష్షు మామూలుగా పదేళ్లు. శాంతా తొలుత ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ చేతికి వెళ్లింది పదేళ్లు దాటాకే. 2009లో సనోఫీ కొనేనాటికి దాని విలువ 55 కోట్ల యూరోలు. అంత గొప్ప కంపెనీ కూడా ఫండ్ గడువులో ఇమడకపోవచ్చు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే చాలు, వాళ్లే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

తెలిసిన కథ కాబట్టి శాంతాతో సరిపెట్టకు. అదే సీసీఎంబీ గొడుగు కింద అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ ఉంది. అక్కడి స్టార్టప్‌లలో ఒకదాన్ని పట్టుకో. వ్యవస్థాపకుడి మాట సరే, వాళ్ల సరుకు కొనే ల్యాబ్‌కో ఆస్పత్రికో ఫోన్ చేసి మళ్లీ కొంటారా అని అడుగు.

మొదటి ప్రయత్నంలోనే వస్తుందని మాత్రం అనుకోకు. ఈ ఉద్యోగాలు తక్కువ, అందులోనూ ముంబయి, బెంగళూరుల్లోనే ఎక్కువ. రాకపోతే స్టార్టప్‌లోనో టీ-హబ్ లాంటి చోటో రెండేళ్లు పనిచెయ్. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే మారే పనిలేకుండా రాయదుర్గంలో టీ-హబ్ దగ్గర దిగుతావు.

ఎంచుకున్న స్టార్టప్ మీద ఆదివారంలోగా రెండు పేజీల నోటు పంపు. డబ్బు ఇవ్వనని రాసినా నాకు సమ్మతమే. ఏ అంకె మారితే ఇస్తావో కూడా కింద రాయి.

మీ మామయ్య