డెమోకు ముందు గడప కొలవండి

పవర్ వీల్‌చైర్లు, రోబోటిక్ వాకర్లు అమ్మే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతున్నా. నెలాఖరు టార్గెట్ అందరికీ ఉంటుంది. అయినా ముందు టేపు బయటికి తీయండి, తర్వాత బ్రోచరు.

మనకు వచ్చే ఆర్డర్లలో చాలావాటికి డబ్బు కట్టేది డాలస్‌లో ఉన్న కొడుకు, వాడేది గుంటూరులో ఉన్న తండ్రి. నేనూ మొదట్లో కొడుక్కి వీడియో కాల్‌లో డెమో చూపించి ఆర్డరు తీసుకున్నాను. డెలివరీ రోజున చూస్తే బాత్రూమ్ తలుపు 24 అంగుళాలు, బండి వెడల్పు 25. అంత ఖర్చు పెట్టాక కూడా ఆ పెద్దాయన మనవడి భుజం పట్టుకునే బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఆయన్ని ఒక్కసారి అడిగి ఉంటే ముందే తెలిసేది.

ప్రతి తలుపూ, మంచం ఎత్తూ, లిఫ్టూ, వరండా మలుపూ కొలిచి రాసుకోండి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 4 అంగుళాల గడపకు 4 అడుగుల ర్యాంపు. లోపలివైపు నేల కూడా గడప కన్నా కిందే ఉంటే అటూ ఒకటి కావాలి. పసుపు రాసి పూజించే గడపను తీయించమని మాత్రం అడగకండి. పెట్టి తీసే ర్యాంపు చూపించండి.

అప్పగించేటప్పుడు ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఫ్రీవీల్ లీవరుకు. మోటారులోని ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్రేకు కరెంటు ఆగితే పట్టుకుంటుంది. అందుకే జాయ్‌స్టిక్ వదిలితే బండి నిలబడుతుంది. చేత్తో తోయడానికి ఫ్రీవీల్‌లో పెడితే ఆ బ్రేకు ఉండదు. ర్యాంపు మీద అలా పెడితే మనిషితో సహా జారిపోతుంది. లీవరు మార్చడం అటెండెంటు చేతే రెండుసార్లు చేయించండి. అటెండెంట్లు మారుతుంటారు కాబట్టి లీవరు పక్కన తెలుగులో స్టిక్కరు అంటించండి. స్పీడు తగ్గించి సెట్ చేసి ఇవ్వండి.

రోబోటిక్ వాకరు ఎగువకు వెళ్లేటప్పుడు మోటారుతో సాయపడుతుంది, దిగువకు బ్రేకు వేస్తుంది. అయితే పిడి పట్టే బలం, చెప్పింది గుర్తుండే శక్తి మనిషికి ఉండాలి. పార్కిన్సన్స్, మతిమరుపు ఉన్నవాళ్లకు ఫిజియోథెరపిస్టు చూడకుండా అమ్మకండి.

పెద్ద మోడల్ అమ్మమని మేనేజరు ఒత్తిడి పెడతారు. వాదనకు దిగొద్దు. కొలతలు, ఫిజియో అభిప్రాయం మెయిల్‌లో రాసి పంపండి. బండి వెనక్కి వచ్చిన రోజు మీ పక్షాన మాట్లాడేది ఆ మెయిలే. కొనలేని పేద కుటుంబమైతే 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి చెప్పండి. ఆ పథకం కింద కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో వృద్ధులకు చేతికర్ర, వాకరు, మామూలు వీల్‌చైరు ఉచితంగా ఇస్తారు. మీకు కమీషన్ రాదు, అయినా చెప్పండి.

15 రోజులకు స్వయంగా వెళ్లి రండి. ఫోన్లో అడిగితే "బాగానే ఉంది బాబూ" అంటారు. ఇంటికెళ్లి, ఛార్జరు ప్యాకెట్ విప్పారో లేదో చూడండి.