చెదలు: ఒక్క యింటి శత్రువు కాదు

మన ప్రాంతపు కర్షకులు ప్రత్తి, మిరప చేలలోని పురుగుపై చూపు శ్రద్ధను యింటిలోని పురుగుపై చూపుట అరుదు. పైరునకు తెగులు సోకినచో ఆకు ముడుచుకొనును, కంటికి కనబడును. చెద యట్లు కాదు. అది ద్వారబంధముపై వేసిన రంగుపొరను విడిచి లోపలి కలపను మాత్రమే తినును. వ్రేలితో నొక్కినప్పుడు చెక్క లోనికి క్రుంగునాటికి సగము నష్టము జరిగియే యుండును. పెట్టెలోని భూమి దస్తావేజులు, అప్పు చెల్లించిన రసీదులు, ధర కొఱకు నిలువజేసిన మిరప టిక్కీల గోనె యన్నియు దానికి ఆహారమే. కనుక చెద స్వభావమేమి, దానిని అరికట్టు మార్గమేమి, అందు సంఘము చేయవలసిన పనియేమి యను మూడు విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

1. చెద స్వభావము

చెదలను తెల్లచీమలని పిలుచుట కలదు గాని అవి చీమజాతివి కావు. శాస్త్రజ్ఞులు వానిని బొద్దింకల వర్గమున చేర్చియున్నారు. ఒక్కొక్క పుట్టయందు రాణి, రాజు, భటులు, శ్రామికులు అను తెగలుండును. కలపను కొఱుకునవి శ్రామికులు మాత్రమే. రాణి భూమిలోపల నుండి దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున గోడపై కనబడిన చెదలను చీపురుతో తుడిచివేసినంత మాత్రమున సంతతి తఱుగదు.

చెద శరీరము మెత్తనిది. ఎండకు, గాలికి త్వరలో ఎండి చచ్చును. అందుచే అది నేలలోని తేమను విడిచి దూరము పోజాలదు. నేలనుండి కలపవఱకు మట్టితో గొట్టములు కట్టుకొని వాని లోపలనే రాకపోకలు సాగించును. ఈ మట్టిగొట్టమే మనకు దొరకు మొదటి గుర్తు.

మన పొలములలో పెద్ద పుట్టలు పెట్టు చెదలు కలపను నమలి, దానితో భూమిలోపల బూజుతోటలు పెంచి, ఆ బూజు సాయముననే ఆహారమును జీర్ణించుకొనును. వానకారున పుట్టలపై మొలచు గొడుగులు ఈ తోటలనుండి వచ్చినవే. తొలకరి వాన కురిసిన సాయంకాలము దీపములచుట్టు ముసురు ఉసుళ్లు చెదలలోని రెక్కలు గల తెగ. అవి రెక్కలు రాల్చి, జతగూడి, నేలలో దూరి క్రొత్త కాపురము పెట్టును. ఆరుబయట దీపమువద్ద ఉసుళ్లు చేరినంత మాత్రమున భయపడనక్కఱ లేదు. తలుపులు మూసిన గదిలో నేలపై రాలిన రెక్కలు కుప్పగా కనబడినచో ఇంటిలోనే చెద స్థిరపడినదని గ్రహింపవలెను.

2. రేగడి నేలయందలి యిండ్లు

రేగడి నేల వానకు ఉబ్బి, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. అందుచే గచ్చునకును గోడకును నడుమ సన్నని పగులు ఏర్పడుట సామాన్యము. చెద ప్రవేశించుటకు ఆ సన్నని పగులే చాలును. మన కాలనీలలో పలుచోట్ల రెండిండ్లకు ఒకటే ఉమ్మడిగోడ యుండును. ఆ గోడ క్రింది మట్టిలోని చెదకు ఎడమయింటి వారెవరో కుడియింటి వారెవరో తెలియదు.

దీనికి తోడు మనమే దానికి వంతెన కట్టుచున్నాము. ప్రత్తి తీసిన పిదప కట్టెను వంటచెఱకుగా యింటిగోడ కానించి పేర్చుదుము. అడుగు కట్టె తేమకు మెత్తబడి చెదకు నెలవగును; అచటినుండి గోడలోనికి త్రోవ దొరకును. ఆ కట్టెకు మిగిలిన యెండుకాయలలో గులాబీరంగు పురుగు దాగియుండి మరుసటి పంటకు దిగుటయు కలదు. కావున కట్టెను గోడనుండి తొలగించుట యింటికిని చేనికిని మేలు.

3. ప్రత్తి నేర్పిన పాఠము

మందు ఒక్కటే చాలునను నమ్మకము ఎచటికి తెచ్చునో మన ప్రాంతమునకు తెలియనిది కాదు. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను ప్రత్తిపై విరివిగా చల్లిరి. నేటి పల్నాడు, బాపట్ల జిల్లాలు నాడు వీనిలోని భాగములే. మొదట ఫలితము కనబడెను. పిదప పురుగులను తిను మిత్రకీటకములు నశించి తెల్లదోమ విజృంభించెను. శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకుండుట 1987వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో గుర్తింపబడెను. 1987-88లో పంట పోయి, అప్పుల పాలై, పలువురు కర్షకులు ప్రాణములు తీసికొనిరి. ఎవరి చేను వారిదే యనుకొని, కారణము విచారింపక, మందుపై మందు చల్లుటవలన కలిగిన ఫలమిది.

చెద విషయమున ఈ తప్పు మరొక రూపమున జరుగుచున్నది. ఒక యింటివారు పైరుమందు మిగులును తెచ్చి గోడవెంట పోయుదురు. చెదను దూరముగా తఱుము జాతి మందైనచో అది చావక ప్రక్కయింటికి మరలును. మందు బలము తగ్గినంతనే తిరిగి వచ్చును. ఇద్దఱికిని వ్యయమే మిగులును.

కలిసి చేసిన పని ఫలించుటకు విదేశమున ఒక నిదర్శనము కలదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున పాతబస్తీని ఫార్మోసా జాతి చెద పీడించుచుండెను. అచటి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు 1998వ సంవత్సరమున ఇల్లిల్లుగా గాక, పదునైదు వీథిఖండములను ఒక్క క్షేత్రముగా నెంచి, అందలి కట్టడములన్నింటికి చికిత్స ఆరంభించిరి. ఆ ప్రాంతమున చెద తాకిడియు, రెక్కల చెదల సంఖ్యయు తగ్గెను. వరుసయంతయు కలిసినప్పుడే ఫలితము నిలుచునని దీని సారాంశము.

4. ఖర్చు లేని పనులు

మందునకు ముందు ఈ క్రింది పనులు జరుగవలెను.

(అ) గోడచుట్టు రెండు మూడడుగుల మేర కట్టె, వెదురు, చెత్త, మట్టికుప్ప లేకుండ శుభ్రపఱచవలెను.

(ఆ) కుళాయి కారుట, అంట్లు తోము నీరు గోడమొదట నిలుచుట మాన్పవలెను. తేమ లేనిచోట చెద నిలువదు.

(ఇ) గచ్చు పగుళ్లను సిమెంటుతో పూడ్చవలెను. ప్రతి వేసవి పిదప మరల చూచుకొనవలెను.

(ఈ) మిరప టిక్కీలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను. ఆ యెడమున మనిషి చూపు సాగవలెను.

(ఉ) దస్తావేజులను ఇనుపపెట్టెలో గోడకు దూరముగ నుంచి, మూడు నెలల కొకసారి తీసి చూడవలెను.

(ఊ) నెలకొకమారు ద్వారబంధములను, దూలములను తట్టి చూడవలెను. డొల్లచప్పుడు వచ్చిన చోటును గుర్తింపవలెను. మట్టిగొట్టమును కొంత విరిచి కొలది దినముల పిదప చూడుడు; తిరిగి కట్టియున్నచో అందు చెద సంచరించుచున్నదని యర్థము.

పొలముగట్టున దూరముగ నున్న పుట్టలను త్రవ్వి నాశనము చేయ నక్కఱ లేదు. చెదలు ఎండుటాకును, మోడును మట్టిలో కలిపి నేలకు మేలు చేయును. నాగులచవితినాడు మనము పాలుపోయు పుట్టతో మన యింటికి తగవు లేదు; గోడను ఆనుకొనిన పుట్టతోనే తగవు.

5. మందు వాడు విధము

క్రొత్తగా ఇల్లు కట్టునప్పుడు పునాది దశలోనే మట్టికి మందు పట్టించుట ఉత్తమము. భారత ప్రమాణముల సంస్థవారి 6313వ సంఖ్య ప్రమాణము దీనికి ఆధారము. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. మందు ఒక లీటరును 19 లీటర్ల నీటిలో కలిపినచో నూటికొక పాలు బలము గల ద్రావణమగును. పునాది కందకపు అడుగున చదరపు మీటరుకు 5 లీటర్లు, పిదప పూడ్చిన మట్టికి గోడముఖము చదరపు మీటరుకు 7.5 లీటర్లు పట్టింపవలెను. కట్టిన యింటికైనచో గోడయు గచ్చును కలియుచోట 30 సెంటీమీటర్ల కొక రంధ్రము చేసి మందు నింపి, సిమెంటుతో మూయుదురు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్.సి. మందైనచో లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు చాలును. ఇది చెదను తఱుమదు. తగిలిన చెద తోడి చెదలకును దానిని అంటించును.

ఈ పనిని 1968వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల చట్టము క్రింద లైసెన్సు పొందిన వారిచేతనే చేయింపవలెను. మంచినీటి బావి, నీటితొట్టి దాపున మందు పోయరాదు. పైరుమందు మిగులును యింటిలో వాడుట ఎంతమాత్రము కూడదు. పసిపిల్లలు ప్రాకు నేల అది. పూర్వము చెదకు వాడిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ మందులు తరతరముల వఱకు నశింపనివగుటచే 2001వ సంవత్సరపు స్టాక్‌హోమ్ ఒప్పందమున నిషేధపు పట్టికలో చేరినవి. క్లోరిపైరిఫాస్ సైతము కొన్ని మినహాయింపులతో 2025లో ఆ పట్టికలో చేరెను. కావున మందు కొనుటకు ముందు నేటి యనుమతిని విచారించుట మేలు.

6. సంఘము కర్తవ్యము

తొలకరికి ముందు, వైశాఖమాసమున, సంఘ సభ్యులు ఇద్దఱిద్దఱుగా కూడి వీథివీథి తిరిగి, ప్రతి యింటిలో మట్టిగొట్టము, తేమ, పగులు ఉన్నవియు లేనివియు ఒక పుస్తకమున వ్రాయవలెను. తదుపరి వరుసయంతటికి ఒకే ఒప్పందమున, ఒకే వారమున చికిత్స చేయింపవలెను. ఒక్కొక్క యిల్లు వేఱువేఱుగ పిలిపించినదానికంటె కూలి, రవాణా వ్యయము ఇందు తగ్గును.

వరుసలో ఖర్చు భరింపలేని యిల్లు ఒకటి యుండవచ్చును, అద్దెకున్నవారు వెనుదీయవచ్చును. ఆ యింటిని విడిచిన యెడల తక్కిన వారి సొమ్మును వృథా యగును, ఏలయన చెద ఆ యింటి గోడక్రిందనే నిలిచియుండును. కనుక ఆ యింటి వంతును సంఘనిధినుండి ముందుగా చెల్లించి, పంట వచ్చిన పిదప వాయిదాలపై రాబట్టుట న్యాయము. ఇది దానము కాదు. మన గోడను మనము కాపాడుకొనుటయే. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానము చేయవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.