తొలకరివానయు, పాతబండ్ల తుక్కును



వానకాలము సమీపించుచున్నదనగా రైతు నాగలిని సరిచూచుకొనును. గృహస్థుడు ఇంటికప్పును సరిచూచుకొనును. పాతబండ్లను విప్పి సామాను అమ్ముకొను వర్తకుడు సయితము ఆ దినములలో తన ఆవరణమును సరిచూచుకొనవలెను. ఎందులకో ఈ పాఠమున తెలిసికొందము.

ఇంద్రేశము, పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము మొదలగు మన చుట్టుప్రక్కల ఊళ్ళలో లారీలు, కార్లు, ఆటోలు లెక్కకు మిక్కిలిగా తిరుగుచున్నవి. తిరిగిన బండి ఎప్పుడో యొకప్పుడు మూలబడక తప్పదు. మూలబడిన బండి స్క్రాపుదుకాణమునకు చేరును. అచ్చట దాని ఇనుము మఱల కరగించుటకు వేఱుచేయబడును; పనికివచ్చు భాగములు మఱియొక బండికి అమరును. ఇది మేలైన వృత్తి. గనిలో క్రొత్తగా ఇనుపరాయి త్రవ్వవలసిన శ్రమను ఇది కొంత తగ్గించును. ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. ఇట్టి వృత్తి ఊరిబావికి కీడు కలుగనీయక సాగవలెనన్న నియమము కావలెను.

మురుగు రెండు విధములు

మురుగులో గొట్టముగుండ వచ్చునది యొకటి, గొట్టము లేనిది మఱియొకటి. మొదటిదాని కథ మన ప్రాంతములో పెద్దలందఱును ఎఱిగినదే. 1970 తరువాతి దశాబ్దములో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగెను. మందులు, రసాయనములు చేయు కర్మాగారముల మురుగు నక్కవాగులో పడి మంజీరానదికి పోవుచుండెను. వాగువెంట పొలములు చెడెను, బావులు చెడెను. 1990లో పర్యావరణ న్యాయమునకై పనిచేయు ఒక సంఘమువారు సుప్రీముకోర్టులో ఈ విషయమై వ్యాజ్యము వేసిరి. 1994లో అనేక కర్మాగారముల మురుగును ఒకచోట శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము పటాన్‌చెరులో ఏర్పడెను. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు, ఆ కేంద్రమునుండి బయటికి వచ్చు నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు ఉన్నదని ప్రకటించిరి. ఆ మందు సేవించిన రోగి రక్తములో నుండదగిన పరిమాణముకంటె అది అధికము. ఈ వార్త ప్రపంచమంతట వ్యాపించెను.

ఇందులో గమనింపదగినది యొకటి కలదు. దోషము గొట్టపుకొనయందు కనబడెను గనుకనే దానిని సీసాలో పట్టి కొలుచుట సాధ్యమయ్యెను. కొలిచినదానికి బాధ్యుడెవడని అడుగుటయు సాధ్యమయ్యెను. స్క్రాపుదుకాణమునకు అట్టి గొట్టము లేదు. వానయే దాని గొట్టము. నాలుగు మూలలనుండియు నీరు పారిపోవును. పారినపిమ్మట ఇది ఎవరి నూనె, ఇది ఎవరి సీసము అని చెప్పగలవారు లేరు. ఏ శుద్ధికేంద్రమును దానిని పట్టజాలదు. కావున ఈ రెండవ మురుగును పుట్టినచోటనే ఆపవలెను.

పాతబండిలో నేమున్నది?

కదలని బండి నిర్జీవమని తలపవచ్చును గాని దాని కడుపులో ద్రవములు నిలిచియే యుండును. చిన్నకారులో మూడునాలుగు లీటర్ల ఇంజనాయిలుండును. లారీలో అంతకు కొన్నిరెట్లుండును. గేరుపెట్టెలో నూనె, బ్రేకులలో బ్రేకాయిలు, టాంకులో మిగిలిన డీజిలు లేక పెట్రోలు, రేడియేటరులో కూలెంటు ఉండును. కూలెంటులో కలుపు గ్లైకాలు తియ్యగా నుండుటచే కుక్కలును పశువులును దానిని నాకి ప్రాణము పోగొట్టుకొనును. బ్యాటరీ బరువులో సగముకంటె ఎక్కువ సీసమే. తక్కినదానిలో గంధకికామ్లము కలదు. బ్రేకులు అరిగిన పొడిలో రాగి మొదలగు లోహములుండును.

సీసము స్వల్పమైనను పసిపిల్లల మెదడునకు హాని చేయును. మన దేశపు ప్రమాణము ననుసరించి త్రాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకంటె ఎక్కువ సీసము ఉండరాదు. ఇక నూనె మాట. ఒక కారుకు ఒకసారి మార్చిన పాత ఇంజనాయిలు సుమారు 10 లక్షల గ్యాలనుల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. టైరు సయితము నిర్దోషి కాదు. టైరు పగులకుండుటకు రబ్బరులో కలుపు ఒక ద్రవ్యము గాలితగిలి మారి, రోడ్లమీది వాననీటితో వాగులలోనికి పోయి, అమెరికా వాయవ్యతీరమున కోహో సాల్మను చేపలను చంపుచున్నదని 2020లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అంతకుముందు ప్రతి పెద్దవాన తరువాతను చేపలు ఎందుకు చచ్చుచున్నవో అచ్చటివారికి చాలకాలము తెలియలేదు. టైర్లలో నిలిచిన వాననీటిలో డెంగీజ్వరము తెచ్చు దోమ గ్రుడ్లు పెట్టుట మనవారు ఎఱిగినదే.

తొలకరి లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. అర ఎకరము సుమారు 2,000 చదరపు మీటర్లు. అచ్చట ఒక సాయంకాలము 25 మిల్లీమీటర్ల వాన పడినచో 50,000 లీటర్ల నీరు వచ్చును. అనగా 5,000 లీటర్ల టాంకర్లు పది. ఇంత నీరు ఆ ఆవరణమును కడిగి పోవును.

అన్ని వానలును సమానముగా మలినములు కావు. వేసవి యంతయు నేలపై పడిన నూనెచుక్కలు, తుప్పు, బ్యాటరీ మడ్డి తొలకరివరకు అక్కడనే యుండును. తొలివాన మొదటి అరగంటలో వానిలో పెక్కుభాగమును ఊడ్చుకొని పోవును. ఏ వానకై రైతు ఆకాశమువంక చూచుచుండునో ఆ వానయే ఎక్కువ మాలిన్యమును మోయును.

ఆ నీరు ఎక్కడికి పోవును? కొంత రోడ్డుప్రక్క కాలువద్వారా కుంటకు పోవును. తెలంగాణలోని పూర్వులు చెఱువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. పైచెఱువు అలుగుపారిన నీరు క్రిందిచెఱువునకు చేరును. ఈ ఏర్పాటు నీటిని పంచినట్లే నూనెను కూడ పంచును. మిగిలిన నీరు నేలలో ఇంకును. మన ప్రాంతపు అడుగున నల్లసానపురాయి జాతి గట్టిరాయి యున్నది; పైన మొరమును, లోన పగుళ్ళును కలవు. పగుళ్ళలోనికి దిగిన విషము ఏ బోరుబావిలో తేలునో ముందుగా చెప్పుట కష్టము.

రాజస్థానములోని ఒక పల్లె

ఇది ఊహ కాదు. రాజస్థానములో ఉదయపురమునకు సమీపమున బిఛ్రీ యను పల్లె కలదు. 1980 తరువాతి దశాబ్దము చివర అచ్చట రంగులకు ఉపయోగించు ఒక ఆమ్లమును చేసిరి. ఆ పని నిలిచిపోయెను గాని దాని మడ్డి మాత్రము ఆరుబయట మిగిలెను. వానలు కురిసెను. మడ్డి కరగి నేలలో దిగెను; బావులనీరు ఎఱ్ఱబాఱెను. ఆ నీరు త్రాగుటకును సేద్యమునకును పనికిరాకపోయెను. మన పటాన్‌చెరు విషయమై వ్యాజ్యము వేసిన సంఘమువారే బిఛ్రీ విషయమును గూడ సుప్రీముకోర్టునకు తెచ్చిరి. 1996 ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. పాడుచేసినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెనని న్యాయస్థానము నిర్ణయించెను. పనియాగినను మడ్డి యాగదు. వాన దానిని వెదకికొని వచ్చును. బిఛ్రీ నేర్పు పాఠమిదియే.

నియమము లేమి చెప్పుచున్నవి?

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము, విషపదార్థములను తెలిసి వాగులోగాని, బావిలోగాని, నేలమీదగాని పోనిచ్చుటను నిషేధించినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము పాతనూనెను అనుమతి పొందిన శుద్ధికర్తలకే అప్పగింపవలెను. తొంబది దినములకు మించి నిలువ యుంచుకొనరాదు. 2022 నాటి నియమములు పాతబ్యాటరీల సేకరణకు ఏర్పాటు చేసినవి. 2021 సెప్టెంబరులో బండ్లను తుక్కుచేయు కేంద్రముల నమోదునకు నియమములు వచ్చెను. నూనెలు, వాయువులు, బ్యాటరీ మొదలగువానిని ముందు తీసిన పిమ్మటనే బండిని విప్పవలెనను పద్ధతి వానిలోనిది. 2025 ఏప్రిలు 1 నుండి అమలైన నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. బండిని చేసిన సంస్థపై సయితము దాని అంత్యదశ బాధ్యతను మోపినవి. ఆయువు తీరిన బండిని యజమాని 180 దినములలోగా తగిన కేంద్రమునకు అప్పగింపవలెనని విధించినవి. మన రాష్ట్రములో కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఏర్పడినది. అనుమతులు దానివద్ద పొందవలెను.

అమెరికాలో 1987లో చట్టమును సవరించి, పరిశ్రమల ఆవరణములనుండి పారు వాననీటికి కూడ అనుమతి కావలెననిరి. 1990లో నియమములు చేసిరి. పాతబండ్ల ఆవరణములకు ప్రత్యేకముగా ఒక విభాగమే కలదు. అందులో ఒక నియమము మిక్కిలి సులభమైనది. మూడుమాసముల కొకసారి, నీరు బయటికి పాఱ నారంభించిన అరగంటలోగా, తెల్లని సీసాలో కొంత నీరు పట్టి వెలుతురులో చూడవలెను: రంగు, వాసన, తేలు చెత్త, నురుగు, నూనెతళుకు ఉన్నవా లేవా అని వ్రాసి యుంచవలెను. దీనికి యంత్రము వలదు. కన్నులును నిజము వ్రాయు మనస్సును చాలును.

ధర్మశాస్త్రములోని గోయి, పిట్టగోడ

మోషే ధర్మశాస్త్రములో ఈ విషయమునకు తగిన రెండు విధులు కనబడును. ఒకటి నిర్గమకాండములోనిది: గోతిని కప్పక విడిచినవాడు అందులో పడి చచ్చిన పశువునకు వెల యిచ్చుకొనవలెను. రెండవది ద్వితీయోపదేశకాండములోనిది: క్రొత్తయిల్లు కట్టువాడు ఎవరును జాఱి పడకుండ మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. మొదటిది కీడు జరిగిన పిమ్మటి విధి. రెండవది కీడు జరుగకమునుపటి విధి. 1996 నాటి తీర్పు గోతివిధి వంటిది. దుకాణములో నూనె తీసిన పిమ్మటనే బండిని విప్పవలెననునది పిట్టగోడ వంటిది. ఎద్దు వెల సంతలో తెలియును. చెడిన బోరుబావి వెల ఏ సంతలో తెలియును? కావున మన విషయమున రెండవ విధియే ముఖ్యము.

చిన్న దుకాణదారు చేయదగినవి

పిట్టగోడ కట్టుటకు కోటీశ్వరుడు కానక్కఱలేదు. బండి వచ్చినదినముననే కారుచున్నదేమో చూచి క్రింద తట్ట పెట్టవలెను. విప్పుటకుముందు ద్రవములన్నియు తీసి, వేర్వేఱు మూతడ్రమ్ములలో పోసి, పేర్లు వ్రాయవలెను. నూనెను కూలెంటుతో కలుపరాదు. విప్పుచోట గచ్చుచేసి, పైన రేకులు వేసి, చుట్టు చిన్నకట్ట కట్టవలెను. బ్యాటరీలను నిలువుగా, కప్పుక్రింద, ఆమ్లమునకు చెడని తట్టలలో ఉంచవలెను. ఇంజనులను ఆరుబయట గుట్టవేయరాదు. ఒలికిన నూనెపై ఇసుకగాని రంపపుపొట్టుగాని చల్లి ఎత్తవలెను, నీళ్ళతో కడుగరాదు. ఎత్తిన ఇసుకను ప్రమాదకర వ్యర్థముగనే చూడవలెను. పైనుండి వచ్చు వరదనీరు ఆవరణములోనికి రాకుండ ప్రక్కకాలువ త్రవ్వవలెను.

వీనిలో గచ్చునకును రేకులకును సొమ్ము కావలెను. మిగిలినవి చాలవఱకు అలవాటులు. పరిశీలకుడు వచ్చు దినమున మాత్రము ఊడ్చుట నియమపాలనము కాదు, ఏలయన వాన ముందుగా కబురంపి రాదు. ఇట్టి పద్ధతివలన మొదట మేలుపొందువాడు అచ్చట పనిచేయు కూలివాడే. నూనెబట్టలతో ఇల్లు చేరు తండ్రిని ఎదురేగి కౌగిలించుకొను బిడ్డకును ఆ మేలు చేరును.

గృహస్థులకును భాగము కలదు. దోమలు చచ్చునని పాత ఇంజనాయిలును మురుగుకుంటలో పోయు వాడుక కొన్నిచోట్ల కలదు. అది మానదగినది. మోటారుసైకిలు నూనె మార్పించునప్పుడు పాతనూనె ఎక్కడికి పోవునని మెకానికును మర్యాదగా అడుగుడు. నలుగురడిగిన ప్రశ్నకు నెమ్మదిగా ఒక డ్రమ్ము వెలయును.

అభ్యాసము

1. ఒక ఆవరణము పొడవు 40 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు అచ్చట ఎన్ని లీటర్ల నీరు వచ్చును? నాల్గవభాగమునకు రేకులు వేసినచో ఎంతనీరు నేలను తాకక పోవును?

2. మీ వీథిలోని వాననీరు ఏ కాలువలోనికి, ఆ కాలువ ఏ కుంటకు పోవునో పటము గీయుడు.

3. నిలిచిన నీటిపై ఇంద్రధనుస్సు తళుకు కనబడినప్పుడు పుల్లతో కదపి చూడుడు. పెంకులవలె పగిలి విడిపోయినచో అది ఇనుముగల నేలలోని సూక్ష్మజీవుల పొర. తిరిగి కలిసికొన్నచో నూనె. నీటిని చేతితో తాకవలదు.

4. తొలకరినాడొకసారి, శ్రావణమాసమున మఱియొకసారి, ఉపాధ్యాయుని సమక్షమున పాఠశాల ముందరి కాలువనీటిని తెల్లసీసాలలో పట్టి, రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, చూచినదానిని చూచినట్లు వ్రాయుడు.