పంటలో, మట్టిలో మిగిలిన పురుగుమందును కనుగొనుట

పైరును పురుగు బారినుండి కాపాడుటకు రైతు మందు చల్లును. చల్లిన మందు ఎండకు, గాలికి, నేలలోని సూక్ష్మజీవులకు లోనై క్రమముగా నశించును. అట్లు నశింపక కాయలోను, ఆకులోను, మట్టిలోను నిలిచిన భాగమునే అవశేషమందురు. అది కంటికి కానరాదు. పెక్కుసార్లు వాసనయు ఉండదు. కావున పరీక్షవలననే తెలిసికొనవలెను.

1958 లో కేరళమున, రవాణాలో పారథియాన్ అను మందు సోకిన గోధుమపిండిని తిని నూరుమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట 1968 లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. పంటలోని అవశేషము అంత అధికముగా ఉండదు. కాని అది ప్రతిదినము పిల్లల కంచములోనికి వచ్చుచుండును. ఇదియే చింతింపవలసిన విషయము.

నమూనా తీయు విధము

నమూనా సరిగా లేనిచో ఎంత గొప్ప యంత్రమైనను సరియైన ఫలితము నీయజాలదు. మట్టికై చేనిలో వంకరటింకరగా నడచుచు పది పదునైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతువరకు తీయవలెను. గట్లు, పెంటకుప్పలు, చెట్లనీడ, మందు కలిపిన చోటు వదలవలెను. అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండింటిని ఉంచుకొని, అరకిలో మిగులువరకు అట్లే చేయవలెను. ఆ మట్టిని ఎండబెట్టరాదు.

వంగ, టమాట, మిరప వంటివానిని చేనంతట పలుమొక్కలనుండి కోసి, కిలోకు తగ్గకుండ పంపవలెను. కడుగరాదు, తుడువరాదు. మందు తాకిన చేతులు, సంచులు వాడరాదు. పొలము, పంట, చల్లిన మందు, చల్లిన తేది, కోసిన తేది చీటీపై వ్రాసి, చల్లగా ఉంచి వెంటనే చేర్చవలెను.

ప్రయోగశాలలో

నమూనాను మెత్తగా చేసి, ఎసిటోనైట్రైల్ అను ద్రవముతో మందును వెలికిదీసి, శుద్ధిచేసి, క్రొమటోగ్రాఫ్ యంత్రములోనికి పంపుదురు. ఒక్కొక్క మందు తనకు నియతమైన సమయమున బయటికి వచ్చును. దానిని తెలిసిన మందుతో పోల్చి పేరును, పరిమాణమును నిర్ణయింతురు. ఐరోపా సమాఖ్యలో ప్రత్యేక పరిమితి లేని మందులకు కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దు. అనగా వంద టన్నుల సరకులో ఒక్క గ్రాము! మిరప ఎండినప్పుడు నీరు పోవును గాని మందంతయు పోదు. అందుచే కిలోకు అవశేషపు పాలు పెరుగును. ఎగుమతికి మిరప పండించు గ్రామములు దీనిని మరువరాదు.

హైదరాబాదు రాజేంద్రనగరములోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఇట్టి ప్రయోగశాల కలదు.

పంచాయతీ కర్తవ్యము

కాయను కడిగినచో పైమందు కొంత పోవును. మొక్కలోనికి ఇంకిన మందు పోదు. కావున నివారణయే మేలు. డబ్బాపై వ్రాసిన గడువు తీరినపిదపనే కోయవలెనని చాటింపు వేయించుడు. నిన్న చల్లి నేడు సంతకు తెచ్చు అలవాటును మాన్పించుడు. 1989 లో వ్యవసాయమున నిషేధింపబడిన డీ.డీ.టీ. వంటి మందులు మట్టిలో ఏండ్లతరబడి నిలుచును; పాతనిల్వలున్నచో వ్యవసాయాధికారికి తెలుపుడు. బావులు, చెరువుల చెంత మందు కలుపనీయకుడు. ప్రతి పంటకాలమునందు కొన్ని పొలముల నమూనాలనైన పరీక్షకు పంపి, ఫలితములను గ్రామసభలో చదివి వినిపించుడు. దోషము కనబడినచో రైతును నిందింపక, మందు మార్చుకొను మార్గము చూపుడు. అట్లైననే మరుసటి యేడు అతడు తనంతట నమూనా తెచ్చును.