పెద్ద హెలికాప్టర్ బొమ్మ: కొనే ముందు ఏం చూడాలి?



మన మోకిల నుంచి శంకర్‌పల్లి బజారుకు పోయినా, చేవెళ్లకు పోయినా బొమ్మల దుకాణం ముందు పిల్లల కాళ్లు ఆగుతాయి. కార్లు, ట్రాక్టర్లు, బంతులు ఉంటాయి. వాటన్నిటికీ పైన పెద్ద మిలిటరీ హెలికాప్టర్ ఒకటి తాడుకు వేలాడుతుంది. ఆకుపచ్చ రంగు. రెండడుగుల పొడవు. పిల్లవాడు దాన్నే చూస్తాడు.

"అమ్మా, నాకు గదే కావాలె."

"అచ్చం అసలు దాని లెక్కనే ఉంటదమ్మా. ఏడు వందలు" అంటాడు దుకాణదారు.

ఏడు వందలంటే మనలో చాలామందికి ఒక రోజు కూలి కంటే ఎక్కువ. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కాని డబ్బులు తీసే ముందు రెండు సంగతులు చూడాలి. ఆ బొమ్మ గట్టిగా, ప్రమాదం లేకుండా ఉందా? అది నిజంగా అసలుదానిలాగే ఉందా? దుకాణదారు ఈ రెండింటినీ కలిపి ఒకే మాటగా చెబుతాడు. ఇవి వేరువేరు సంగతులు.

అసలుది ఎట్లుంటది?

పోల్చాలంటే ముందు అసలుది తెలియాలి. అందుకు దూరం పోనక్కర లేదు. హైదరాబాదుకు ఉత్తరాన హకీంపేటలో వైమానిక దళం వారి హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. అక్కడ ఎన్నో ఏళ్లుగా చేతక్ అనే చిన్న హెలికాప్టర్ మీద నేర్పుతూ వచ్చారు. చేతక్‌ను బెంగుళూరులో తయారు చేశారు. దానికి పైన మూడు రెక్కలు. లోపల ఏడుగురు పడతారు.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అపాచీ అనే యుద్ధ హెలికాప్టర్ ఉంది. దాని మొండెం మన రంగారెడ్డి జిల్లాలోనే, ఆదిబట్లలో తయారవుతుంది. టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది. 2018లో మొదటి మొండెం అక్కడి నుంచి బయటికి పోయింది. మొండెం అమెరికాకు పోతుంది. ఇంజన్లు, రెక్కలు అక్కడ బిగిస్తారు. మన వైమానిక దళం 2019లో అపాచీలను తీసుకుంది.

అపాచీకి పైన నాలుగు రెక్కలు. ఇద్దరే కూర్చుంటారు, ఒకరి వెనక ఒకరు. ముక్కు కింద తుపాకీ ఉంటుంది. ముందు రెండు గిర్రలు, తోక కింద ఒక చిన్న గిర్ర. సిపాయిలు ఎక్కే పెద్ద తలుపు ఉండదు.

సిపాయిలను మోసేది వేరే రకం. దాని పేరు ఎం.ఐ. 17. దానికి ఐదు రెక్కలు, పక్కన తలుపు. వరదలు వచ్చినప్పుడు జనాన్ని కాపాడడానికి కూడా దాన్ని పంపుతారు. 2023 జూలై వరదల్లో భూపాలపల్లి జిల్లా నైన్‌పాకలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను వైమానిక దళం హెలికాప్టరే బయటికి తెచ్చింది. మిలిటరీ హెలికాప్టర్ అంటే యుద్ధం ఒక్కటే కాదు.

ఇప్పుడు బొమ్మను చూడండి. డబ్బా మీద అపాచీ ఫోటో ఉంటుంది. లోపల బొమ్మకు రెండే రెక్కలు. పక్కన సిపాయిలు ఎక్కే తలుపు. ఇది అపాచీ కాదు, ఎం.ఐ. 17 కాదు. ఒక దాని తల, ఇంకో దాని తోక. పిల్లవాడికి ఆడుకోవడానికి చాలు. కాని "అచ్చం అసలుదే" అని ఎక్కువ ధర అడిగితే, రెక్కలు లెక్కపెట్టి చూపించండి.

తోక పంకా ఎందుకు?

బొమ్మల్లో ఎక్కువ మోసం తోక దగ్గరే ఉంటుంది. తోక చివర చిన్న పంకా అందానికి పెట్టింది కాదు. నున్నటి తడి బండ మీద నిలబడి నీళ్ల గోలెంను కుడి పక్కకు నెట్టండి. మీ కాళ్లు ఎడమ పక్కకు జారతాయి. హెలికాప్టర్ కూడా అంతే. ఇంజను పై రెక్కలను ఒక దిక్కుకు తిప్పితే, మొండెం ఎదురు దిక్కుకు తిరగాలని చూస్తుంది. గాలిలో దానికి పట్టు దొరకదు. తోక పంకా గాలిని పక్కకు తోసి మొండేన్ని ఆపుతుంది. అది ఆగిపోతే హెలికాప్టర్ గిరగిరా తిరిగిపోతుంది.

అందుకే మంచి బొమ్మలో తోక పంకా కూడా తిరుగుతుంది. చవక బొమ్మలో దాన్ని ఊరికే అతికిస్తారు. వేలితో తిప్పి చూడండి. అయితే తోక పంకా లేని ప్రతి బొమ్మా తప్పు కాదు. చినూక్ అనే పెద్ద హెలికాప్టర్ 2019లో మన దళంలో చేరింది. దానికి ముందొకటి, వెనకొకటి, రెండు పెద్ద పంకాలుంటాయి. ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు తిరుగుతుంది. రెండూ సరిపోతాయి కాబట్టి తోక పంకా అక్కర లేదు.

చేత్తో పట్టి చూడండి

బొమ్మ పెద్దదైతే గట్టిదని అనుకుంటాం. చాలాసార్లు దీనికి తిరకాసుగా ఉంటుంది. అంతే ప్లాస్టిక్‌ను పెద్దగా సాగదీస్తే పలచనవుతుంది. మొండెం రెండు పక్కలా బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. డొల్లగా లోపలికి పోతే నాలుగు రోజులు నిలవదు. రెండు సగాలు అతికిన గీత వెంట వేలు పోనియ్యండి. గీరుకుంటే పిల్లవాడి చేయీ గీరుకుంటుంది. తడి గుడ్డతో తుడవండి. రంగు గుడ్డకు అంటితే అదే రంగు పిల్లల నోట్లోకి పోతుంది.

మా కేంద్రంలో ఒక అక్క అడిగింది: "అసలు దాని లెక్క ఉంటేనే మంచిది కదా?" నేను కాదంటాను. అసలుదానిలాగే చేయాలంటే చిన్న చిన్న బాంబులు, తుపాకీ, సన్నటి తీగలు అన్నీ పెట్టాలి. అవే ముందు ఊడతాయి. మూడేళ్ల లోపు పిల్లల గొంతులో అడ్డం పడేవి అవే. చిన్న పిల్లలకు మొద్దుగా ఉన్న బొమ్మే మేలు. పదేళ్ల పిల్లవాడికి అసలుదానిలాంటిది ఇవ్వొచ్చు. కాని ఇంట్లో చంటిపిల్ల ఉంటే, ఊడిన ముక్క ఎవరికి దొరుకుతుందో ఆలోచించండి.

సెల్లుల అర మూతకు స్క్రూ తప్పకుండా ఉండాలి. గుండీలాంటి చిన్న సెల్లు అయితే ఇంకా జాగ్రత్త. అది మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. కక్కించవద్దు. ఏడుపు లేకపోయినా ఆగవద్దు. వెంటనే పెద్ద దవాఖానకు తీసుకపోవాలి.

డబ్బా చదవండి

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు. డబ్బాను తిప్పి చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా? 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఈ గుర్తు ఉండి తీరాలి. బయటి దేశం నుంచి వచ్చిన బొమ్మలకు కూడా ఇదే చట్టం. (గుర్తింపు ఉన్న నిర్మల్, కొండపల్లి పనివారు చేసే కొయ్యబొమ్మలకు మినహాయింపు ఉంది.) డబ్బా లేకుండా తాడుకు వేలాడే బొమ్మ అయితే, "డబ్బా ఏది?" అని అడగండి. తర్వాత ఎం.ఆర్.పి. చూడండి. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోరాదు. తక్కువకు బేరం చేయొచ్చు. తగాదా వస్తే 1915కు ఫోను చేయొచ్చు.

డబ్బా మీద ఒక్కోసారి 1:24 అని ఉంటుంది. అసలుది 24 అడుగులుంటే బొమ్మ 1 అడుగు అని అర్థం. అపాచీ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొస దాకా 48 అడుగులు. 48ని 24తో భాగిస్తే 2. అంటే బొమ్మ రెక్కలు 2 అడుగులుండాలి. ఆరడుగుల సిపాయి 72 అంగుళాలు. 72ని 24తో భాగిస్తే 3. అంటే బొమ్మ సిపాయి 3 అంగుళాలు, దాదాపు బెత్తెడు ఉండాలి. జానెడు సిపాయిని ఇస్తే వాడు అందులో పట్టడు!

ఈ లెక్క మీరు చేయండి. చేతక్ రెక్కల చుట్టు అడ్డంగా కొలిస్తే 36 అడుగులు. డబ్బా మీద 1:18 అని ఉంది. బొమ్మకు ఎన్ని అడుగులుండాలి? చేతక్‌కు మూడు రెక్కలు కాబట్టి అవి ఎదురెదురుగా ఉండవు. నడిమి బొడిపె నుంచి ఒక రెక్క కొస దాకా టేపుతో కొలిచి, దాన్ని రెండింతలు చేయండి.