ఆకు కత్తిరించే చీమలు: క్షేత్ర పరిశీలనలో ఒక పాఠం

కోతపడిన ఆకు కనిపించగానే దానిని ఏదో పురుగు తిన్నదని భావించడం సహజం. కోసిన ముక్క ఎక్కడికి చేరినదో తెలుసుకొనకుండా నివారణ చర్యలు చేపడితే ఖర్చే మిగులుతుంది. ఇందుకు చక్కని ఉదాహరణ ఆకు కత్తిరించే చీమలు. అట్టా, అక్రోమిర్మెక్స్ ప్రజాతులకు చెందిన ఈ చీమలు అమెరికా ఖండాలకే పరిమితమైనవి. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం నుండి అర్జెంటీనా వరకు ఇవి విస్తరించి ఉన్నాయి. నిమ్మజాతి తోటలకు, యూకలిప్టస్ వనాలకు తీవ్ర నష్టం కలిగిస్తాయి.

తొలి పరిశీలనలు

చీమలు ఆకు ముక్కలను పుట్ట ద్వారాలపై కప్పుగా వాడుకొంటాయని అమెజాన్ ప్రాంతంలో పరిశోధించిన హెన్రీ బేట్స్ తన 1863 నాటి గ్రంథంలో పేర్కొన్నారు. నికరాగ్వాలో గని ఇంజనీరుగా ఉన్న థామస్ బెల్ట్ తన తోటను కాపాడుకొనడానికి పుట్టలలో కార్బాలిక్ ఆమ్లం పోయించారు. అప్పుడు చీమలు పాత పుట్టలోని గోధుమరంగు మెత్తని పదార్థాన్ని కొత్త పుట్టకు తరలించడం ఆయన గమనించారు. అది శిలీంధ్రం అల్లుకొన్న ఆకుల పొడి అని, ఆ శిలీంధ్రమే చీమల ఆహారమని 1874లో వెలువడిన గ్రంథంలో వివరించారు.

పుట్టలోని సాగు

బాటపై సాగే ఆకు ముక్కల మీద అతి చిన్న చీమలు కూర్చొని ఉండడం తరచుగా కనిపిస్తుంది. మోసే చీమలపై గ్రుడ్లు పెట్టడానికి వచ్చే ఫోరిడ్ ఈగలను ఇవి అడ్డుకొంటాయి. పుట్టలో చిన్న చీమలు ఆకును నమిలి మెత్తచేసి, తమ విసర్జన ద్రవం చేర్చి, పాత తోటలోని శిలీంధ్రపు పోగులను దానిపై నాటుతాయి. పెద్ద చీమలు ఆకు రసాన్ని కూడా త్రాగుతాయి. పిల్ల పురుగులకు మాత్రం శిలీంధ్రమే ఆధారం. కొత్త పుట్ట పెట్టబోయే రాణి చీమ కొద్దిపాటి శిలీంధ్రాన్ని నోటిలోని సంచిలో వెంట తీసుకొనిపోతుంది. అదే కొత్త తోటకు విత్తనం.

ఈ తోటకు ఎస్కోవాప్సిస్ అనే మరొక శిలీంధ్రం తెగులుగా సోకుతుంది. చీమలు తెగులు సోకిన భాగాలను ఏరి పారవేస్తాయి. అక్రోమిర్మెక్స్ చీమల శరీరంపై పెరిగే సూడోనోకార్డియా బాక్టీరియా ఉత్పత్తి చేసే పదార్థాలు కూడా ఈ తెగులును అణచివేస్తాయి.

నివారణకు సంబంధించిన అంశం

చీమలకు హాని లేకుండా శిలీంధ్రానికి మాత్రమే హాని చేసే రసాయనం కలిపిన ఆకులను చీమలు మొదట సందేహించకుండా మోసుకుపోతాయి. తోట దెబ్బతిన్న తరువాత అదే జాతి ఆకులను, రసాయనం లేకపోయినా, తిరస్కరిస్తాయి. ఈ తిరస్కారం వారాల తరబడి నిలువగలదు. బాటపై మందు చల్లితే ఆకులు మోసే చీమలు మాత్రమే చనిపోతాయి. రాణికి, తోటకు హాని జరగదు. అందుచేత పుట్ట అంతటా వ్యాపించిన తరువాతనే ప్రభావం చూపే ఎర మందులకు ప్రాధాన్యం ఏర్పడింది.

స్థానిక అన్వయం

తెలుగు రాష్ట్రాలలో ఈ చీమలు లేవు. అయినప్పటికీ ఆకు గమ్యాన్ని పరిశీలించే పద్ధతి ఇక్కడి పొలాలలోను అవసరమే. గులాబీ ఆకుల అంచులలో కనిపించే నున్నని గుండ్రని కోతలు సాధారణంగా మెగాకైల్ ప్రజాతి తేనెటీగలవి. ఇవి ఆకును తినవు. కోసిన ముక్కలను గూటిలోని గదులకు పొరగా అమర్చుకొంటాయి. ఇదే ప్రజాతికి చెందిన తేనెటీగలు కంది పూలలో పరాగసంపర్కానికి ఎంతో తోడ్పడతాయి. వీటిని ఆకు తినే పురుగులుగా పొరబడి మందు చల్లితే పంటకు మేలు చేసే కీటకాలు నశిస్తాయి.

కనుక మందు సిఫారసు చేసే ముందు కోత అంచుల తీరును చూడాలి. ఆకుల అడుగుభాగాన పురుగులు గాని, వాటి విసర్జన గాని ఉన్నాయా అన్నది ఉదయం, సాయంత్రం కూడా పరిశీలించాలి. అవేవీ లేక గుండ్రని కోతలు మాత్రమే ఉన్నట్లయితే మందు చల్లనవసరం లేదని రైతుకు తెలియజేయాలి.